చుక్క పడింది

మొదటి దెబ్బ మేస్త్రి భుజం మీద పడింది. రెండోది మూతి మీద. ఎవరు కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో తెలిసేలోపే ఒక పన్ను ఊడి నాలుక మీదికి వచ్చింది. బండి పక్కన గొంతుక్కూర్చుని బోల్టు విప్పుతున్న మనిషి, లేవడానికి నేల మీద చెయ్యి ఆనించబోతే ఆ చేతిని కూడా బూటుకాలితో తొక్కాడు అవతలివాడు.

"నా కొడుకు కాళ్లు కాల్చేశావు కదరా! తెచ్చివ్వు! వాడి కాళ్లు తెచ్చివ్వరా నాకు!"

అప్పుడు గుర్తుపట్టాడు. పాలాయన. పదకొండేళ్లుగా ఒకే మోటారుసైకిలుకు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పాలు పోసే మనిషి. సర్వీసింగుకు వస్తే ఒక మూల నిలబడి, తన వంతు దాటిపోయినా కిమ్మనని మనిషి. అలాంటివాడు ఇవాళ టైరు విప్పే కడ్డీ పట్టుకుని మేస్త్రిని గొడ్డును బాదినట్టు బాదుతున్నాడు. వర్క్‌షాపులో ఉన్న నలుగురు మెకానిక్కులూ వెనక నుంచి పట్టుకుంటే, నలుగురినీ ఈడ్చుకుంటూ వచ్చి మరీ ఇంకో రెండు తన్నాడు. డొక్కలో పడ్డ తన్నుకు మేస్త్రికి ఊపిరి అందలేదు.

"పొద్దున సిగ్నలు దగ్గర ఆగాడట వాడు. కింద నుంచి మంట లేచిందట. మోకాళ్ల దాకా కాలిపోయాడు. మీరే కదరా బాగుచేశామని ఇచ్చింది! సీటు మీద రాసి మరీ ఇచ్చారు కదరా, చుక్క పడింది అని!"

ఆ మాట చెవిన పడగానే మేస్త్రికి నొప్పి తెలియకుండా పోయింది. నోట్లోని నెత్తురు ఉమ్మేసి, నేల మీద కూర్చునే అడిగాడు.

"ఎవరిచ్చారు బండి?"

"గేటు దగ్గరాయన ఇచ్చాడు! చుక్క పడిందంటే పని అయిపోయినట్టే, నిశ్చింతగా తీసుకుపో అన్నాడు!"

ఈ చుక్క సంగతేమిటో ముందు చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది తలాతోకా లేకుండా ఉంటుంది. రెండు నెలల కిందట కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పదేళ్లు దాటిన ఫలానా రకం బళ్లన్నిట్లోనూ ట్యాంకు నుంచి కార్బొరేటరుకు వెళ్లే రబ్బరు పైపు పగుళ్లిస్తోంది, పెట్రోలు ఇంజను మీదికి కారుతోంది, కాబట్టి బళ్లన్నిటినీ వెనక్కి పిలిచి పైపు ఉచితంగా మార్చి పంపండి అని. దాన్ని రీకాల్ అంటారు. ఇన్నేళ్లూ ఉన్నారా పోయారా అని అడగని కంపెనీకి ఇప్పుడింత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో అని జనం నవ్వుకుంటూనే వచ్చారు. రోజుకు అరవై బళ్లు. అందరికీ తొందరే.

ఆ రద్దీకి ఒక పద్ధతి పెట్టింది మేస్త్రే. వచ్చిన ప్రతి బండి కిందా తెల్ల అట్టముక్క పరిచి అరగంట వదిలేయాలి. అట్ట మీద పెట్రోలు పడితే, సీటు మీద సుద్దముక్కతో 'కారుతోంది' అని రాసి లోపలికి తోసెయ్యాలి. పైపు మార్చడం అయ్యాక ఛాసిస్ నంబరు పక్కన పంచ్ అనే మొనదేలిన ఉలి ఆనించి సుత్తితో ఒక్కటి కొట్టాలి. ఇనుము మీద చుక్క పడుతుంది. అప్పుడు సీటు మీద 'చుక్క పడింది' అని రాయాలి. ఆ మాట రాసున్న బండి గేటు దాటొచ్చు. చంటిపిల్లాడికైనా అర్థమయ్యే పద్ధతి.

కానీ మేస్త్రి పుట్టి పెరిగింది తండ్రి లారీ షెడ్డులో. అక్కడ చుక్క అంటే ఒక్కటే, అట్ట మీద పడే చుక్క. "ఒరేయ్, చుక్క పడిందిరా, బండి కదలనివ్వకు!" అని తండ్రి కేకేస్తే అందరూ పరిగెత్తేవాళ్లు. పాలు తాగే వయసు నుంచి విన్న మాట అది. మామూలుగా ఉన్నప్పుడు మేస్త్రి చెయ్యి పద్ధతి ప్రకారమే రాస్తుంది. పదిహేను రోజుల కిందట ఒక మధ్యాహ్నం మాత్రం అతను మామూలుగా లేడు.

ఎందుకు లేడంటే, ఆ మధ్యాహ్నం బావ వచ్చాడు. అక్క మొగుడు. ఇద్దరికీ రెండేళ్లుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. రెండేళ్ల కిందట ఒకరోజు బావ ఏదో కోపంలో, అప్పటికి ఐదేళ్లున్న కూతురు చూస్తుండగానే అక్క చెంప మీద కొట్టాడు. కబురు తెలిసి మేస్త్రి వెళ్లి, మాటా పలుకూ లేకుండా బావను చొక్కా పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చి, అందరి ముందూ చావబాదాడు. ఆ తరవాత బావ అక్క మీద చెయ్యెత్తలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మేస్త్రి మొహమూ చూడలేదు. ఫోనులో అతని నంబరు కూడా బ్లాక్ చేసేశాడు.

రీకాల్ ఉత్తరం బావకీ వెళ్లింది. బండి తెచ్చి వరసలో పెట్టి, గేటు బయట చేతులు కట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మేస్త్రి చూశాడు. ఒళ్లంతా కారం పూసినట్టయింది. ముందున్నది పాలాయన బండి, దాని వెనకది బావ బండి. రెండిటి కిందా అట్ట తడిసింది. బావ బండి పైపయితే ముసలివాడి మడమలా పగిలిపోయి ఉంది. "బావా, ఇది కారుతోంది, ఇక్కడే వదిలెయ్" అంటే సరిపోయేది. ఐదారు మాటలు. ఆ ఐదారు మాటలు ఆడాల్సి వస్తుందనే కదా, గబగబా రెండు సీట్ల మీదా సుద్దముక్కతో గీకేసి లోపలికి పోయాడు. ఏం రాశాడో కూడా చూసుకోలేదు. తండ్రి మాట రాశాడు, చుక్క పడింది అని. సాయంత్రం ఆ రెండు బళ్లూ లోపల కనబడకపోతే, ఎవరో ఒకరు పైపు మార్చి పంపేసి ఉంటారనుకున్నాడు. బావ బండి ఏమైందని అడగడానికి అహం అడ్డొచ్చింది. గేటు దగ్గరాయన వంగి ఛాసిస్ మీద చుక్క ఉందో లేదో చూడాలి నిజానికి, కానీ ఆయనకు నడుం నొప్పి.

ఇప్పుడు ఒక బండి కాలింది. రెండోది రోడ్డు మీద తిరుగుతోంది. ఆ రెండో బండి మీద రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి బావ కూతురిని స్కూలు నుంచి తీసుకొస్తాడు. దానికి వెనక కూర్చోవడం ఇష్టం ఉండదు. ముందు ట్యాంకు మీద కూర్చుని, రెండు కాళ్లూ చెరోపక్కకి వేలాడేసుకుని, హారను తనే కొడుతుంది.

మేస్త్రి గోడ గడియారం చూశాడు. పదకొండున్నర.

అక్కకు ఫోను చేశాడు. బట్టల మిల్లులో పనిలో ఉన్నప్పుడు ఫోను బయట పెట్టెలో పెట్టించేస్తారు, మోగి మోగి ఆగిపోయింది. బావకు చేస్తే కలవనే లేదు. లేచి నిలబడ్డాడు. నలుగురి చేతుల్లో గింజుకుంటున్న పాలాయన వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. దొరికిన స్కూటరు ఎక్కి, మూతి తుడుచుకోకుండానే బయల్దేరాడు.

బావ పనిచేసేది దుంగలు కోసే మిల్లులో. పెద్ద రంపం బ్లేడుకు మానులెత్తి అందించే పని, చేతి దండలు ఇంతింత లావుంటాయి. మేస్త్రి వెళ్లేసరికి రంపం అరుస్తోంది. రేకుల పంచలో, రంపప్పొట్టు మీద బండి నిలబెట్టి ఉంది. దాని పక్కనే బావ చేతులు కడుక్కుని హెల్మెట్ అందుకుంటున్నాడు. బండి కింద పొట్టు ఒకచోట రూపాయి బిళ్లంత మేర నల్లగా తడిసి ఉంది.

"తాళంచెవి ఇవ్వు," అన్నాడు మేస్త్రి.

రెండేళ్ల తరవాత బావతో అతనన్న మొదటి మాట అది. బావ అతని మొహం, చొక్కా మీది నెత్తురు తేరిపార చూశాడు.

"ఎవరో ముందే వాయించినట్టున్నారే. మిగతా సగం నా దగ్గర తీసుకుందామని వచ్చావా?"

"బావా, తాళంచెవి ఇవ్వు. బండి నేను తీసుకుపోవాలి."

"ఎందుకు?"

అడిగింది ఒక్క మాట. జవాబు కూడా ఒక్క మాటే. అప్పటికే మిల్లులోవాళ్లు రంపం ఆపి, తమాషా చూడ్డానికి ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. ఎనిమిదిమంది ముందు, తను వీధిలోకి ఈడ్చి కొట్టిన మనిషితో, తప్పు నాది అని అనాలి. మేస్త్రి నోరు తెరిచాడు.

"ఇంకా... చిన్న పని మిగిలింది దానికి."

"పనేంటి మిగిలేది? చుక్క పడిందిగా! నువ్వే రాశావుగా సీటు మీద, నీ గీతలు నాకు తెలీవా?"

"ముందు ఇవ్వు, తరవాత చెప్తా."

"తరవాత చెప్తావా? వీధిలో నా చొక్కా చింపినప్పుడు కూడా ముందు కొట్టావు, తరవాత చెప్పావు. తప్పుకో. పాప ఎదురుచూస్తుంటుంది."

బావ బండి వైపు అడుగేశాడు. మేస్త్రి అతని చేతిలోని తాళంచెవి లాక్కోబోయాడు. అంతే. బావ మోచెయ్యి వచ్చి సరిగ్గా పగిలిన పెదవి మీదే తగిలింది. మేస్త్రి కళ్లు బైర్లు కమ్మాయి, అయినా చొక్కా వదల్లేదు. ఇద్దరూ కలిసి బండి మీద పడ్డారు, బండి పక్కకు ఒరిగి ధబ్బున కూలింది. పొట్టులో దొర్లారు. మేస్త్రి బావ ముక్కు మీద తలతో గుద్దాడు. ఎముక చిట్లిన చప్పుడు పక్కనున్నవాళ్లకి వినపడింది. బావ లేచి, గోడకు ఆనించిన రీపరు కర్ర అందుకుని వీపు మీద నాలుగు, తొడ మీద రెండు వేశాడు. కర్ర విరిగితే విరిగిన ముక్కతోనే పొడిచాడు. రెండేళ్ల నుంచి దాచుకున్న దెబ్బలవి, ఒక్కటి కూడా దాచుకోకుండా పెట్టేశాడు. మేస్త్రి అతని కాలు పట్టి లాగి పడేసి, మీదెక్కి మెడ పిసికాడు. మిల్లులోవాళ్లు విడదీయాలనే అనుకున్నారు గానీ, ఎటునుంచి చెయ్యి పెడితే ఎవరి దెబ్బ తగులుతుందో తెలియక చుట్టూ తిరుగుతున్నారు.

చివరికి బావ అతన్ని మోకాలితో కడుపులో గుద్ది అవతలికి నెట్టాడు. మేస్త్రి లేవలేకపోయాడు. పొట్టు నోట్లోకి, కళ్లలోకి పోయింది. బావ ముక్కులోంచి కారేది అరచేత్తో తుడుచుకుని, రొప్పుతూ అన్నాడు.

"ఒరేయ్, నీ మొహం చూడబుద్ధి కాదు నాకు. అయినా బండి నీ దగ్గరికే ఎందుకు తెచ్చానో తెలుసా? ఊరి చివర ఇంకో వర్క్‌షాపు లేకనా? మనిషి ఎలాంటివాడైనా పని మాత్రం కళ్లు మూసుకుని నమ్మొచ్చని తెచ్చాను. నిన్న రాత్రి మీ అక్క, పెట్రోలు వాసనేస్తోందండీ అంది. మీ తమ్ముడు చూసిచ్చిన బండే, నోర్మూసుకో అన్నాను. నీ రాత మీద నమ్మకంతో నా బిడ్డను దీని మీద ఎక్కిస్తున్నా. నువ్వొచ్చి నా చేతిలోంచి లాక్కుంటావా?"

మేస్త్రికి ఆ మాటలు కర్ర దెబ్బల కంటే గట్టిగా తగిలాయి. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాడు. పొట్టు అడ్డుపడి దగ్గొచ్చింది. ఈలోపు బావ బండి పైకెత్తి నిలబెట్టాడు. పక్కకు పడున్నంతసేపూ ట్యాంకులోంచి కారింది కారినట్టు ఇంజను మీదికే వచ్చింది. నేల మీద నుంచి చూస్తున్న మేస్త్రికి అన్నీ కనబడుతున్నాయి. ఇంజను రెక్కలన్నీ తడిసి మెరుస్తున్నాయి. ప్లగ్గు క్యాపు పాతబడి పగిలి ఉంది. కిక్కు కొడితే ఆ పగుల్లోంచి నిప్పురవ్వ వస్తుంది.

"కొట్టకు!" అని అరిచాడు. "కొట్టకు బావా! నీ కాళ్లు పట్టుకుంటా, కొట్టకు!"

బావ వెనక్కి తిరిగి చూశాడు. అతని మొహంలో మొదటిసారి కాస్త జాలి, కాస్త గెలుపు కనబడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు.

"సరేలేరా, ఏడవకు. ఇంక కొట్టనులే," అన్నాడు.

అని, కిక్కు కొట్టాడు.

ఠప్ మని చిన్న చప్పుడయింది. ఆ వెంటనే బండి కింద నుంచి పైదాకా మంట ఒక్కసారిగా లేచింది. బావ బండి వదలకుండా ఒక క్షణం అలాగే నిలబడ్డాడు, ఏం జరిగిందో అర్థం కానివాడిలా. తరవాత అరిచాడు. ఆ అరుపును రంపం చప్పుడుకు అలవాటుపడ్డవాళ్లు కూడా తట్టుకోలేకపోయారు. పెట్రోలు పడ్డ ప్యాంటు అంటుకుంది, కింద పొట్టు అంటుకుంది, పరిగెత్తబోతే మంట కూడా వెంటే వచ్చింది. లేవలేని మేస్త్రి ఎలా లేచాడో అతనికే తెలియదు. వెళ్లి బావను నడుం దగ్గర వాటేసుకుని పడేశాడు. రంపం చల్లార్చే తొట్టిలో నానుతున్న గోనెసంచులు లాగి కాళ్ల మీద కప్పి, వాటి మీద తను పడుకున్నాడు. సంచి తొలగినచోట అరచేతులతోనే అదిమాడు. చేతుల చర్మం ప్యాంటు గుడ్డకు అంటుకుని ఊడొచ్చింది. మిల్లువాళ్లు ఇసక బకెట్లతో బండిని ఆర్పారు. ట్యాంకు మీద, పాప రోజూ కూర్చునేచోట, రంగు బుడగలు బుడగలుగా పొంగింది.

పాప ఆ రోజు రెండు గంటలదాకా స్కూలు గేటు దగ్గర నిలబడింది. ఎదురింటావిడ వెళ్లి తీసుకొచ్చింది.

ఆసుపత్రిలో బావ కాళ్లకు తొడల దాకా కట్లు కట్టారు. ప్రాణానికి భయం లేదు, నడక సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేం అన్నాడు డాక్టరు. మేస్త్రి రెండు చేతులకూ కట్లే. అక్క మిల్లు దుస్తుల్లోనే వచ్చింది. జుట్టు నిండా దూదిపోగులు. ఒకసారి మొగుడిని చూసింది, ఒకసారి తమ్ముడిని చూసింది. ఇద్దరి మొహాలూ వాచి, ఎవరు ఎవరిని ఎంత కొట్టారో లెక్క తెలుస్తూనే ఉంది. ఆవిడ ఏడవలేదు, గోడకు ఆనుకుని నిలబడింది.

సాయంత్రం బావకు మెలకువ వచ్చింది. మేస్త్రిని చూసి, దగ్గరికి రమ్మన్నట్టు తలూపాడు. గొంతు పూర్తిగా పోయింది, గుసగుసగా మాట్లాడాడు.

"తప్పు నాదేరా. వాసనొస్తోందని మీ అక్క చెప్పినా వినలేదు. నువ్వు పని వదిలేసి ఆపడానికి వస్తే కర్ర తీసుకుని బాదాను. నువ్వే లేకపోతే పూర్తిగా కాలిపోయేవాణ్ణి. పాప కూడా..." రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయాడు. "క్షమించరా. రెండేళ్లు నీతో మాట్లాడకుండా ఉన్నాను."

అదీ సంగతి. ఊరుకుంటే చాలు. బావ తనంతట తనే తప్పు నెత్తిన వేసుకున్నాడు. సుద్దరాత ఎప్పుడో చెరిగిపోయింది, ఇప్పుడు సీటు కూడా బూడిదైంది. మిల్లులో ఎనిమిదిమంది మేస్త్రి మంచితనానికి సాక్ష్యం చెప్తారు. ఇంటికి వెళ్తే పాప మెడకు చుట్టుకుంటుంది. రెండేళ్ల గొడవ ఇవాళ్టితో సమసిపోతుంది. మేస్త్రికి ఆ ఆశ కలగలేదంటే అబద్ధం. బావ ఎత్తిన చేతుల వైపు చూశాడు.

"బావా, పైపు మార్చలేదు," అన్నాడు చివరికి.

"ఏంటి?"

"నీ బండికి పైపు మార్చలేదు. కారుతోందని నాకు ఆ రోజే తెలుసు. చుక్క పడిందని రాసింది, అట్ట మీద పెట్రోలు పడిందని. పని అయిందని కాదు. గేటు దగ్గరాయన అయిందనుకుని వదిలేశాడు."

బావ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"అలా ఎందుకు రాశావు?"

"నీతో మాట్లాడాల్సి వస్తుందని. నోటితో చెప్పాల్సినదాన్ని సీటు మీద గీకేసి లోపలికి పోయాను. ఇవాళ మిల్లులో కూడా, పదిమందిలో తప్పు నాదని అనలేక, తాళంచెవి లాక్కున్నాను. అక్కడ ఒక్క మాట చెప్పుంటే నువ్వు కిక్కు కొట్టేవాడివి కాదు. పొద్దున ఇంకొకళ్ల పిల్లాడు కాలాడు, అదీ నా రాత వల్లే."

గోడ దగ్గర నుంచి అక్క ముందుకు వచ్చింది. మాట మెల్లగానే ఉంది.

"కొట్టడానికైతే రెండుసార్లూ చెయ్యి వచ్చింది కదరా నీకు. చెప్పడానికి నోరు రాలేదా? దాన్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకునే వెళ్తాడని తెలీదా నీకు?"

"తెలుసక్కా."

బావ మొహం నల్లబడింది. దండం పెట్టబోయిన చేతులు పిడికిళ్లయ్యాయి. పళ్లు బిగించి, మంచం పట్టెలు పట్టుకుని, మేస్త్రి మీదికి లేవబోయాడు. నడుం లేచింది గానీ కాళ్లు లేవలేదు. నొప్పికి నోరంతా తెరుచుకుంది, అయినా ఇంకోసారి ప్రయత్నించాడు. చెయ్యి మేస్త్రి ఛాతీ దాకా కూడా రాలేదు.

మేస్త్రి మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. కట్లు కట్టిన చేతులు వెనక్కి పెట్టుకుని, బావ పిడికిలికి తన మొహం అందేదాకా కిందికి వంగాడు. అక్క అక్కడే నిలబడి ఉంది. అడ్డు రాలేదు.